ఆడకుండా ఉన్నందుకు జీతం

2015 ఫిబ్రవరిలో డయానా టొరాసీ తన ఫ్యాన్స్‌కి ఒక బహిరంగ లేఖ రాసింది. ఆ ఏడాది డబ్ల్యూఎన్‌బీఏలో, అంటే అమెరికా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, తాను ఆడటం లేదని చెప్పింది. గాయం కాలేదు, ఫామ్ పోలేదు. ఐదు నెలల ముందే తన టీమ్ ఫీనిక్స్ మెర్క్యురీతో టైటిల్ గెలిచి, ఫైనల్స్‌లో బెస్ట్ ప్లేయర్ అవార్డు కూడా తీసుకుంది. మరి ఎందుకు మానేసింది? చలికాలంలో ఆమె ఆడే రష్యన్ క్లబ్ యూఎమ్‌ఎమ్‌సీ ఎకాతెరిన్‌బర్గ్ ఒక ఆఫర్ ఇచ్చింది: ఎండాకాలం హాయిగా రెస్ట్ తీసుకో, అమెరికాలో నీకొచ్చే జీతం కంటే ఎక్కువ మేమే ఇస్తాం అని.

అప్పట్లో అమెరికాలో ఆమె జీతం ఏడాదికి సుమారు 1,07,000 డాలర్లు. రష్యాలో వచ్చేది సుమారు 15 లక్షల డాలర్లని పేపర్లు రాశాయి. అంటే దాదాపు పద్నాలుగు రెట్లు.

మన క్యాంపస్‌లో ప్లేస్‌మెంట్స్ టైమ్ వస్తే చాలు, ఒక మాట గాల్లో తిరుగుతూ ఉంటుంది: "స్కిల్ ఉంటే చాలురా, ప్యాకేజీ దానంతట అదే వస్తుంది." ఈ మాట నమ్మేవాళ్లందరూ ఒకసారి టొరాసీ కెరీర్ చదవాలని నా అభిప్రాయం. ఎందుకంటే స్కిల్ విషయంలో ఆమెకి వంక పెట్టడానికి ఏమీ లేదు. కనెక్టికట్ యూనివర్సిటీకి వరసగా మూడుసార్లు, 2002 నుంచి 2004 దాకా, జాతీయ టైటిల్. 2004 డ్రాఫ్ట్‌లో ఫస్ట్ పిక్. 20 సీజన్లు ఒకే టీమ్‌కి ఆడి మూడు టైటిళ్లు, 10,646 పాయింట్లు. ఆ లీగ్‌లో పది వేల పాయింట్లు దాటిన మొదటి ప్లేయర్ ఆమే. దీనికి తోడు 2004 ఏథెన్స్ నుంచి 2024 పారిస్ దాకా ఆరు ఒలింపిక్ గోల్డ్ మెడల్స్. అదే మనిషి, అదే చేతులు, అదే ఏడాది. రేటు మాత్రం ఒకచోట 1, ఇంకోచోట 14. స్కిల్ ఒక్కటే రేటుని డిసైడ్ చేసేదైతే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "అది మార్కెట్. మహిళల లీగ్‌కి చూసేవాళ్లు తక్కువ, ఆదాయం తక్కువ, కాబట్టి జీతం తక్కువ." ఇందులో సగం నిజం ఉంది. డబ్ల్యూఎన్‌బీఏ ఆదాయం ఎన్‌బీఏ ఆదాయంలో చిన్న ముక్క, దాన్ని ఎవరూ కాదనరు. కానీ రష్యాలో మాత్రం చూసేవాళ్లు ఎగబడ్డారా? లేదు. యూఎమ్‌ఎమ్‌సీ అంటే ఉరల్ ప్రాంతంలోని ఒక పెద్ద గనుల, లోహాల కంపెనీ. క్లబ్ ఖర్చు వెళ్లేది ఆ కంపెనీ డబ్బులోంచి, టికెట్ల అమ్మకంలోంచి కాదు. అంటే ఆ 15 లక్షలు కూడా మార్కెట్ రేటు కాదు. డబ్బున్నవాళ్లు పెట్టాలనుకున్నారు, పెట్టారు. అంతే. ఇంకో విషయం: మొత్తం ఆదాయం ఎంత అనేది ఒక లెక్క, అందులో ప్లేయర్లకి ఎంత వాటా అనేది వేరే లెక్క. ఎన్‌బీఏలో ఆటగాళ్లకి బాస్కెట్‌బాల్ ఆదాయంలో దాదాపు సగం వస్తుంది. మహిళల లీగ్‌లో వాటా అంతకంటే చాలా తక్కువ. మొదటి లెక్క మార్కెట్ చెప్తుంది. రెండోది ఎదురెదురుగా కూర్చుని బేరమాడితే తేలుతుంది.

"సరే, ఎవరో ఒకరు ఇచ్చారు కదా, తీసుకుంది కదా, ప్రాబ్లమ్ ఏంటి?" అనొచ్చు. ఇష్టపడి ఇచ్చేవాడి మీద ఆధారపడిన కెరీర్ ఎలా ఉంటుందో కూడా ఆమె జీవితంలోనే ఉంది. ఎకాతెరిన్‌బర్గ్‌కి ముందు ఆమె మాస్కో దగ్గరి స్పార్టక్ క్లబ్‌కి ఆడింది. దాని వెనకున్న షబ్తాయ్ కల్మనోవిచ్ ప్లేయర్లని మహారాణుల్లా చూసుకున్నాడు. ఆ టీమ్ 2007 నుంచి 2010 దాకా వరసగా నాలుగుసార్లు యూరోలీగ్ గెలిచింది. కానీ 2009 నవంబర్‌లో మాస్కో నడిరోడ్డు మీద ఆయన్ని కాల్చి చంపారు. ఆ తర్వాతి సీజన్‌కి టొరాసీ టర్కీలోని ఫెనెర్‌బాచే క్లబ్‌కి వెళ్లింది. అక్కడ డోపింగ్ టెస్ట్‌లో పాజిటివ్ అన్నారు, క్లబ్ కాంట్రాక్ట్ రద్దు చేసింది. తర్వాత 2011 ఫిబ్రవరిలో ఆ ల్యాబ్ తన రిపోర్ట్‌ని వెనక్కి తీసుకుంది, ఆమెకి క్లీన్ చిట్ వచ్చింది. కానీ సీజన్ అప్పటికే పోయింది.

2022 సంగతి అందరం న్యూస్‌లో చూశాం. ఫీనిక్స్‌లో టొరాసీ టీమ్‌మేట్ బ్రిట్నీ గ్రైనర్ అదే ఎకాతెరిన్‌బర్గ్ క్లబ్‌కి ఆడటానికి వెళ్తూ మాస్కో ఎయిర్‌పోర్ట్‌లో అరెస్ట్ అయింది. లగేజీలో గంజాయి నూనె ఉన్న వేప్ కార్ట్రిడ్జ్‌లు దొరికాయన్నారు. తొమ్మిదేళ్ల శిక్ష పడింది. డిసెంబర్‌లో ఖైదీల మార్పిడితో బయటపడింది. అప్పుడు చాలామంది అడిగింది "ఆమె ఏం తప్పు చేసింది?" అని. నన్నడిగితే అసలు ప్రశ్న వేరే. ప్రపంచంలోని బెస్ట్ ప్లేయర్లలో ఒకరు ఏటా చలికాలం ఇల్లు వదిలి అంత దూరం ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? ఆ కారణం మాత్రం 2015 నాటి లేఖలోనే ఉంది.

ఇప్పుడు రెండో దారి చూద్దాం. 2020 జనవరిలో ప్లేయర్ల యూనియన్, ప్రెసిడెంట్ నెకా ఒగ్వుమికే నాయకత్వంలో, లీగ్‌తో కొత్త ఒప్పందం చేసుకుంది. టాప్ జీతం 2,15,000 డాలర్లకి పెరిగింది. సగటు ఆదాయం మొదటిసారి లక్ష డాలర్లు దాటింది. ప్రెగ్నెన్సీ సెలవులో పూర్తి జీతం, ట్రిప్‌లో ఎవరి హోటల్ రూమ్ వాళ్లకి. వినడానికి చిన్నవే. ఒప్పందం ఊరికే కూడా రాలేదు: విదేశాల్లో ఆడి సీజన్‌కి లేటుగా వచ్చేవాళ్లకి ఫైన్, తర్వాత సస్పెన్షన్ అనే రూల్‌కి ప్లేయర్లు ఒప్పుకోవాల్సి వచ్చింది.

అయినా నేను ఈ దారికే ఓటేస్తాను. రష్యా డబ్బు టొరాసీకి, గ్రైనర్‌కి, ఇంకొందరు స్టార్లకి వచ్చింది. బెంచి చివర కూర్చునే పన్నెండో ప్లేయర్‌కి ఏ కంపెనీ ఓనరూ విమానం టికెట్ పంపడు. ఒప్పందంలో రాసింది మాత్రం ఆమెకీ వర్తిస్తుంది. పైగా ఓనర్ మూడ్ మారితే, యుద్ధం వస్తే, అది ఆగిపోదు.

పని పూర్తయిందని కాదు. 2024లో స్టేడియాలు నింపేసిన కెయిట్లిన్ క్లార్క్ మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లే. 2025 ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ముందు ప్లేయర్లందరూ మాకు రావాల్సింది ఇవ్వండి అని రాసున్న టీషర్టులు వేసుకుని కోర్టులోకి వచ్చారు. గమనించండి, ఆ టీషర్ట్ స్టార్లకి ఒక రంగు, కొత్తవాళ్లకి ఇంకో రంగు కాదు.

రేపు ఆఫర్ లెటర్లు చేతికొచ్చాక మనలో కొందరికి యూఎమ్‌ఎమ్‌సీ లాంటి కంపెనీ దొరుకుతుంది. సంతోషమే, తీసుకోండి. కానీ అది మీ స్కిల్‌కి కట్టిన తూకం అనుకోవద్దు. తక్కువ వచ్చినవాళ్లు కూడా దాన్ని తమ విలువ అనుకోవద్దు. పక్క సీటువాడికి ఎంత, నోటీస్ పీరియడ్ ఎంత, బాండ్ ఎందుకు అని అందరూ కలిసి అడగడం నేర్చుకుంటే చాలు. మా తరానికి అదే కష్టమైన సబ్జెక్ట్, దానికి సిలబస్ కూడా లేదు.

చివరగా ఒక విషయం. 2021లో న్యూయార్క్ లిబర్టీ ఓనర్లు తమ ప్లేయర్లని స్పెషల్ ఫ్లైట్‌లో తీసుకెళ్తే, అది రూల్స్‌కి విరుద్ధమని లీగ్ 5 లక్షల డాలర్ల ఫైన్ వేసింది. ఆరడుగుల ప్లేయర్లు మామూలు ఫ్లైట్ సీట్లలో మోకాళ్లు ముడుచుకునే తిరిగారు. 2024లో లీగే అన్ని టీమ్‌లకీ చార్టర్ ఫ్లైట్లు పెట్టింది. క్లార్క్‌కి అది మొదటి సీజన్. 42 ఏళ్ల టొరాసీకి అది ఇరవయ్యోది, ఆఖరిది కూడా.