తల్లి పోయిన కూతురు కువైట్ వెళ్తే...

"తల్లి సంవత్సరీకమైనా కాకముందే దేశం దాటిపోయింది, ఏం మనిషి!" ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన స్త్రీల గురించి తెలుసుకుంటున్నప్పుడు ఈ మాట చాలాసార్లు విన్నాను. కొడుకుల గురించి మాత్రం వినలేదు. కర్మ చేసి మరుసటి వారమే విమానమెక్కిన కొడుకు బాధ్యత తెలిసినవాడు. కూతురు ఎక్కితే ఆమెది రాతి గుండె.

పేదింటి కూతురికి తల్లి పోతే, భర్త కొట్టినా వదిలేసినా వచ్చి తలదాచుకునే గడప పోతుంది. పిల్లల్ని చూసుకునే దిక్కు పోతుంది. ఆసుపత్రి అప్పు మాత్రం మిగులుతుంది. తలకొరివి పెట్టనివ్వని కూతురికి ఆ అప్పులో మాత్రం భాగం ఇస్తారు. తల్లి వీలునామా రాయకుండా చనిపోతే ఆమె ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉందని హిందూ వారసత్వ చట్టం 1956లోనే చెప్పింది. అయినా దినాలు జరుగుతున్న ఇంట్లోనే "అన్నతో తగువెందుకమ్మా" అంటూ సంతకం పెట్టించే పెద్దమనుషులున్నారు. ఆమె ప్రయాణం వెనుక ఇదంతా ఉంది.

మా అమ్మ పోయిన నాలుగో నెలలో నేనూ ఒంటరిగా విదేశం వెళ్లాను, ఒక సదస్సుకు. "వెళ్లిరా, మనసు తేలికపడుతుంది" అన్నారు బంధువులు. నా వయసు ఎవరూ అడగలేదు. నా చదువు నా దుఃఖానికి గౌరవం తెచ్చింది. పదో తరగతి దాటని స్త్రీ పాస్‌పోర్టు మీద మాత్రం ఎమిగ్రేషన్ అనుమతి కావాలన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఉంటే 30 ఏళ్లు నిండనిదే గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. పురుషులకు అది లేదు. 2016 ఆగస్టు నుంచి ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. ఇంటిపనివారి కోసం 2015లో కువైట్ చేసిన 68వ నంబరు చట్టంలో కనీస వయసు 21. నిషేధం వల్ల అవసరం తీరదు. ఆమె విజిటింగ్ వీసా మీద, ఏజెంటును నమ్ముకుని, ఒప్పంద పత్రం లేకుండా వెళ్తుంది. ఆపద వస్తే "అక్రమంగా ఎందుకెళ్లావు?" అన్న నింద ఎలాగూ ఉంటుంది.

తల్లి దుఃఖం ఆరకముందే అక్కడ మరొకరి తల్లికి అన్నం తినిపించాలి, మరొకరి బిడ్డను నిద్రపుచ్చాలి. ఆ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో సెలవు, ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచుకోకూడదు. కానీ కఫాలా పద్ధతిలో ఆమె వీసా యజమాని చేతిలో ఉంటుంది. అనుమతి లేకుండా గడప దాటితే పారిపోయిందని కేసు పెడతారు. ఏడవడానికి ఒక పూట సెలవు అడగగల స్థితి ఆమెకెక్కడిది?

"వెళ్లొద్దు" అని చెప్పడం మన పని కాదు. మనం అడగవలసినవి మూడున్నాయి. దినాల్లో కూతురి చేత ఏ ఆస్తి కాగితం మీదా సంతకం పెట్టించకూడదు. వయసు పేరుతో ఉన్న వివక్ష పోవాలి. ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించి ప్రతి ఆమెకే ఇవ్వాలి. ఇంట్లో మరణం సంభవిస్తే సెలవు, తిరుగు టికెట్టు అందులో రాసి ఉండాలి. మొదటిదానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. ఆ రోజున ఆ ఇంటికి వెళ్లి కూతురి పక్కన కూర్చునే నలుగురు స్త్రీలు చాలు.