విఱిగిన మణికట్టు



మామిడికోతల దినములలో సాయంకాలమున మా యింటి యరుగు ఖాళీగా నుండదు. మా వారియొద్ద చదువుకొన్న కుఱ్ఱవాండ్రు, తోటి ఉపాధ్యాయులొకరిద్దఱు, ఎదురింటి తోటగల బాబాయిగారు అచ్చట చేరుదురు. నేను లోపల గడ్డిలో మాగిన చిన్నరసములను ఏరుకొనుచుండగా వారి మాటలు తలుపుసందున వినబడుచునే యుండును. మొన్న నాలుగు దినములు వారి వాదమంతయు హనుమ విహారి యను క్రికెట్టాటగానిగుఱించియే నడచినది. ఆటలో నాకు గల జ్ఞానము స్వల్పము. అయినను ఆ వాదము అరుగు దాటి నా వంటయింటిలోనికి వచ్చినది.

దానిని తెచ్చినవాడు మా పెద్దవాడు, పదుమూడేండ్లవాడు. కొమ్మపైనుండి జాఱి పడి యెడమ మణికట్టు వాపుతో ఇంటికి వచ్చెను. ఎక్స్‌రే తీయించగా సన్నని చీలిక యున్నది, మూడు వారములు కట్టు విప్పరాదని వైద్యుడు చెప్పెను. ఆదివారమునాడేమో ప్రక్కయూరి పిల్లలతో ఆట యున్నది. "విహారి ఒంటిచేత్తో ఆడలేదా అమ్మా? నన్నెందుకు వద్దంటావు?" అని వాడు నా కొంగు పట్టుకొనెను.

ఈ సంగతి ఎఱుగని సోదరీమణులకొఱకు కొంచెము చెప్పవలెను. విహారి 1993లో కాకినాడలో జన్మించినవాడు. పండ్రెండవ యేట తండ్రి గతించెను. 2019లో జమైకాలో వెస్టిండీసుపై 111 పరుగులు చేసి, ఆ శతకమును తండ్రికే అంకితమిచ్చెను. 2021 జనవరి 11వ తేదీన సిడ్నీ టెస్టు చివరి దినమున, భారతజట్టు గెలుపునకు 407 పరుగులు కావలసియుండగా, ఐదు వికెట్లు పడిన పిదప ఆయనయు రవిచంద్రన్ అశ్వినును మిగిలిరి. విహారికి తొడవెనుక కండరము చిరిగినది. అశ్వినునకు నడుము పట్టుకొని, ఆ యుదయము బూట్ల త్రాళ్లు కట్టుకొనుటకైన వంగలేకపోయెనని ఆయన భార్యయే లోకమునకు తెలిపినది. (ఈ మాట అరుగుమీది మగవారిలో నొక్కరికిని జ్ఞాపకము లేదు.) ఆ యిద్దఱును 40 ఓవర్లకు పైగా నిలిచి ఆటను డ్రాగా ముగించిరి. విహారి 161 బంతులాడి చేసినవి 23 పరుగులు.

ఆ నిదానపు ఆటను పట్టుకొని అప్పటి కేంద్రమంత్రి బాబుల్ సుప్రియో, ఇతడు గెలుపు నాశను చంపెనని, క్రికెట్టునే చంపెనని వ్రాసెను. పేరు కూడ 'బిహారి' యని వ్రాసెను. విహారి తన పేరును మాత్రము సరిదిద్ది యూరకుండెను. మా వారికి ఈ ప్రత్యుత్తరమనిన మిక్కిలి ముచ్చట. ఇంత చిన్న వ్యాఖ్యానము ఏ పండితుడును వ్రాయలేదందురు. గాయముచే విహారి తరువాతి బ్రిస్బేను ఆటకు లేడు. జట్టు అచ్చట గెలిచినది. ఆ సంబరములో సిడ్నీ కుంటినడకను పలువురు మఱచిరి.

రెండవ కథ 2023 ఆరంభములో ఇందూరులో జరిగినది. రంజీ క్వార్టర్ ఫైనలులో మధ్యప్రదేశముపై ఆంధ్రజట్టునకు ఆయన నాయకుడు. ఆవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి యెడమ మణికట్టు విఱిగినది. మఱల తగిలినచో ఆటకే స్వస్తి చెప్పవలసి రావచ్చునని ఫిజియో హెచ్చరించెనట. అయినను తొమ్మిది వికెట్లు పడినపుడు ఆయన మరల దిగెను. కుడిచేతివాటపు ఆటగాడు నిలిచినపుడు ఎడమచేయి బంతికెదురుగా నుండును గదా! అందుచే ఆయన ఎడమచేతివాటముగా తిరిగి నిలిచి, విఱిగిన చేతిని వెనుకకు మఱుగుచేసి, కుడిచేతితోనే బ్యాటు త్రిప్పి మొత్తము 27 పరుగులు చేసెను. రెండవ ఇన్నింగ్సులో అట్లే దిగి 15 చేసెను. జట్టు ఆ ఇన్నింగ్సులో 93కే కుప్పకూలి, ఐదు వికెట్ల తేడాతో ఓడినది.

అరుగుమీద ఇక్కడనే రెండు పక్షములు. కుఱ్ఱవాండ్రకు ఆయన వీరుడు. "మ్యాచీ పోయింది, చెయ్యీ పోయింది. మిగిలిందేమిట్రా?" అని బాబాయిగారు. మిగిలినది లెక్కించుటకు వారొక పుస్తకము తెఱచిరి: మొత్తము 16 టెస్టులు, 839 పరుగులు, 2022 జూలై తరువాత టెస్టులలో చోటు లేదు. ఇదేమి లెక్క యని ఒక కుఱ్ఱవాడు లేచెను. బాబాయిగారు కఠినులు కారు. గాలివానకు కొమ్మ విఱిగిన బంగినపల్లి చెట్టు వారి తోటలో నొకటి కలదు. విఱిగినచోట కోసి బోర్డో ముద్ద పూసి, రెండేండ్లు కాపు సరిగా లేకున్నను కొట్టింపక యుంచిరి. గుత్తదారు మాత్రము ఆ చెట్టును లెక్కలోనికి తీసికొనలేదు. అతనికి ఈ యేటి కాయయే కావలెను. ఈ మాట బాబాయిగారికి జ్ఞాపకము చేయవలెనని నాకు నాలుక చివఱకు వచ్చినది గాని, మఱొకటి తోచి ఆగితిని.

పరుగులు లెక్కించువారును, పంటి బిగువును పొగడువారును గూడ అరుగుమీద కూర్చున్నవారే. నొప్పి వారిది కాదు. మూడేండ్ల క్రిందట నా కుడిచేయి వాచియుండగా నూఱు కాయల ఆవకాయ కలిపితిని. ఇంటికి వచ్చినవారెల్ల "ఎంత ఓపికమ్మా!" యని మెచ్చిరి. నేనును పొంగిపోతిని; దాచనేల? కార్తికము వఱకు ఆ చేతితో నీళ్లబిందె నెత్తలేకపోతిని. మెచ్చినవారిలో నొక్కరును వచ్చి బిందె యెత్తిపెట్టలేదు. నన్నెవరు కలుపుమనిరి? ఎవరును అనలేదు. మానుమని కూడ ఎవరును అనలేదు.

విహారి సంగతి వేఱు. ఆయన జట్టు నాయకుడు, ముప్పదికి చేరువైనవాడు, పోగొట్టుకొనునదేదో తెలిసి దిగినవాడు. నేను చేయెత్తి నమస్కరింతును. అయినను ఆ మణికట్టు ధర ఆయనయే చెల్లించెను. ఆ పిదప జట్టుతో పొరపొచ్చములు వచ్చి 2024లో ఆంధ్రపక్షమున ఇక ఆడనని ప్రకటించెను; తిరిగి వచ్చెను; 2025లో త్రిపురజట్టునకు తరలిపోయెను. తప్పెవరిదో తేల్చుట నా పని కాదు. ఇందూరులో చప్పట్లు కొట్టిన చేతులు అప్పుడెక్కడ నుండెనో యని మాత్రము అనుకొంటిని.

మావానితో ఇంత ప్రసంగము చేయలేదు. "విహారికి ఫిజియో చెప్పాడు, విని తనే నిర్ణయించుకున్నాడు. నీకు డాక్టరుగారు చెప్పారు, నిర్ణయం నాది," అంటిని. "మఱి నాదెప్పుడు?" అనెను. పదునెనిమిది యేండ్లు రానిమ్మంటిని. ఆ యంకె ఎందుకు చెప్పితినో నాకే తెలియదు.

ఆదివారమునాడు మెడకు చేయి వ్రేలాడగట్టుకొని పోయి, చెట్టునీడను కూర్చుండి లెక్కలు వ్రాసి తెచ్చెను. జట్టు ఆఱు పరుగులతో ఓడినది. రాత్రి భోజనమువేళ, "నేనుంటే ఆరు పరుగులు కొట్టేవాణ్ణి," అని ఒక్కసారి అనెను. నేను మాఱు పలుకక రసమొకటి పిండి వాని కంచములో వేసితిని.