గుర్రం దిగే ఊరు సిద్ధంగా ఉందా?

చూలైలోనో పురసవాక్కంలోనో ఇరుకు వీధుల్లో పెరిగిన తెలుగు కుటుంబం సత్యవేడు వైపో నాగలాపురం వైపో నాలుగెకరాలు కొనుక్కుని, రెండు గుర్రాలను తోలుకుపోయి పల్లెలో స్థిరపడాలనుకోవడంలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. చెన్నై నుంచి పూట ప్రయాణం కూడా కాదు. ఆరంబాక్కం దాటి తడలో అడుగుపెడితే రాష్ట్రం మారుతుంది, ఇంటి భాష మారదు. రేషన్ కార్డు, పిల్లల బడి, కరెంటు మీటరు, పాసుపుస్తకం వంటివి కొంత తిరిగితే కుదురుతాయి. తొందరగా కుదురుకోలేనిది గుర్రమే. అది తాగే నీరు, మేసే గడ్డి, కుట్టే ఈగ, కాళ్ళు చూసే మనిషి అన్నీ ఒక్క రోజులో మారిపోతాయి. పైగా ఈ ప్రశ్న ఇప్పుడు కొందరి సరదాకు సంబంధించింది మాత్రమే కాదు. తమిళనాడు ప్రభుత్వం 2024లో ఊటీ రేసుకోర్సు స్థలాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో గిండీ రేసుకోర్సు లీజును రద్దు చేసింది, ఆ వివాదం కోర్టుకెక్కింది. పందేలు తగ్గినచోట గుర్రాలు మాయమైపోవు. పాతికేళ్ళు బతకగల ప్రాణి పరుగు మానేశాక ఎక్కడో ఒక ఊరికి చేరాల్సిందే. నేను చెప్పదలచింది ఒక్కటే. రాష్ట్రం దాటే గుర్రం విషయంలో మన చట్టం బయలుదేరే చోటును మాత్రమే చూస్తోంది. యజమానులు కూడా చాలావరకు అంతే. చూడవలసింది దిగే చోటును.

2025 వేసవిలో జరిగింది గుర్తు చేసుకుందాం. హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను మధ్యప్రదేశ్‌లో జబల్‌పూర్ జిల్లా పనాగర్ దగ్గరి రాయ్‌పురా అనే గ్రామానికి తరలించారు. మండే ఎండల్లో వందల కిలోమీటర్ల దారి. చేరిన కొద్ది రోజులకే చావులు మొదలయ్యాయి. మే నెల సగం గడిచేసరికి ఎనిమిది గుర్రాలు పోయాయి, ఆ తర్వాత కూడా చావులు ఆగలేదు. గ్లాండర్స్ అనే ప్రమాదకరమైన అంటువ్యాధి అనుమానంతో రక్త నమూనాలను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపారు. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళింది. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు, అది విచారించేవారి పని. నన్ను కలచివేసే విషయం వేరు. ఆ ఊళ్ళో అన్ని గుర్రాలకు సరిపడా శాలలు, దాణా, వైద్యుడు ఉన్నాయా అని ఎవరైనా అడిగింది చావులు మొదలయ్యాకే. ఆ ప్రశ్న లారీ ఎక్కించక ముందు అడగవలసింది.

ఈ ప్రశ్న తీరాంధ్రకూ తమిళదేశానికీ కొత్తది కాదు. 13వ శతాబ్దం చివర పాండ్యుల తీరానికి వచ్చిన మార్కో పోలో, అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలను అరేబియా, పర్షియా వైపు నుంచి కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవనీ రాశాడు. ఆయన చెప్పిన కారణం ముఖ్యం. గుర్రాలను ఎలా చూసుకోవాలో తెలిసినవారు అక్కడ లేరట. అమ్మేవారు అశ్వవైద్యులను ఆ దేశానికి పోనివ్వరట, గుర్రాలు చచ్చిపోతేనే మళ్ళీ బేరం కనుక. వండిన అన్నంలో మాంసం కలిపి పెట్టేవారని కూడా రాశాడు. అంకెల్లో అతిశయం ఉండవచ్చు. కానీ గుర్రాన్ని దిగుమతి చేసుకుని, దాన్ని బతికించే పరిజ్ఞానాన్ని దిగుమతి చేసుకోకపోతే ఏమవుతుందో ఆ పరదేశి ఏడు వందల ఏళ్ళ కిందటే పట్టుకున్నాడు. దీనికి ఎదురు ఉదాహరణ హోసూరు. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న ఆ ప్రాంతంలో 1824లో సైన్యం కోసం గుర్రాలను పెంచే క్షేత్రాన్ని నెలకొల్పారు. అది సముద్రానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున, ఉక్కపోత లేని పీఠభూమి. అక్కడ వేయికి పైగా ఎకరాల మేత భూమి కేటాయించి, పనివాళ్ళను పెట్టి, ఆ తర్వాతే గుర్రాలను పెంచారు. ఊరిని ముందు సిద్ధం చేశారు.

వాతావరణం సంగతి తీసుకుంటే, గుర్రం మనిషిలాగే చెమట పట్టి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. పులికాట్ చుట్టుపక్కల పల్లెల్లో ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ ఎంత ఉంటుందో ఆ గాలి పీల్చినవారికి చెప్పనక్కరలేదు. అలాంటి ఉక్కలో చెమట ఆరదు. కొన్ని గుర్రాలకు నెలలు గడిచేకొద్దీ చెమట పట్టడమే ఆగిపోతుంది. చల్లని దేశాల నుంచి ఉష్ణమండలానికి తెచ్చిన జాతి గుర్రాల్లో ఈ జబ్బును వలసపాలన కాలంలోనే గుర్తించారు. చెమట పట్టని గుర్రం నీడలో నిలబడి కూడా రొప్పుతుంది. మార్వాడీ, కథియావాడీ గుర్రాలు ఎండను తట్టుకుంటాయని అమ్మకందార్లు చెప్పే మాట నిజమే. అవి పొడి ఎండలో పుట్టి పెరిగినవి. రాజస్థాన్ ఎండ వేరు, తీరపు ఉక్క వేరు. కాబట్టి ఎత్తయిన పైకప్పు, గాలి ఆడే శాల, రోజుకు పాతిక నుంచి యాభై లీటర్ల దాకా మంచినీళ్ళు, ఉప్పు అందుబాటులో ఉండాలి. బోరు నీరు ఉప్పగా ఉండే ఊళ్ళో ఈ మంచినీళ్ళ లెక్కే కుటుంబాన్ని తిప్పలు పెడుతుంది.

మేత దగ్గరే అందరూ మోసపోతారు. మా ఊళ్ళో గడ్డికి కొదవా అని రైతులు ధీమాగా అంటారు. ఆవులకు, గేదెలకు కొదవ లేదు, నిజమే. ఇవాళ పాడి రైతు పొలం గట్టున కనిపించే మేత సూపర్ నేపియర్, కో-4 వంటి హైబ్రిడ్ గడ్డి. ఆవు కడుపులో నెమరు అర ఉంటుంది కనుక అందులోని ఆక్సలేట్లను అక్కడి సూక్ష్మజీవులు విరగ్గొడతాయి. గుర్రం నెమరు వేయదు. ఆ ఆక్సలేట్లు దాని పేగుల్లో కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. దానికి తోడు మన పల్లెల్లో ప్రేమగా పెట్టే తవుడులో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. ఈ రెండూ కలిసి నెలల తరబడి కడుపులో పడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియాన్ని తీసి వాడుకుంటుంది. ముఖం ఎముకలు ఉబ్బుతాయి, నడక కుంటిదవుతుంది, కారణం తెలియక యజమాని కాళ్ళకు మందు రాస్తూ కూర్చుంటాడు. వరిగడ్డి మీద బతికించవచ్చనుకోవడం మరో పొరపాటు. అది గుర్రానికి సరిగా అరగదు. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని పొట్ట ఒంటికి చాలా చిన్నది, అందుకే పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా మేస్తూనే ఉండేలా దాని ఒళ్ళు తయారైంది. రెండు పూటలా దండిగా దాణా పెట్టి మధ్యలో ఖాళీగా కట్టేస్తే కడుపు శూల వస్తుంది. గుర్రాల చావులకు ఇదొక పెద్ద కారణం. గరిక, రోడ్స్ గడ్డి, కొంత లూసర్న్, నానబెట్టి ఉడికించిన ఉలవల గుగ్గిళ్ళు మితంగా పెట్టాలి. ఈ మేత ఆ ఊళ్ళో దొరుకుతుందా, దొరక్కపోతే ఎక్కడి నుంచి ఏటా తెప్పించాలి, ఎంత నిల్వ చేయాలి అన్నది భూమి రిజిస్ట్రేషన్ కంటే ముందు తేలవలసిన లెక్క. నాలుగెకరాలు కొని, ముందు గుర్రాన్ని దించి, ఆ తర్వాత గరిక నాటేవారికి మొదటి ఏడాది గడవదు.

ఈగల సంగతి అంతకంటే తక్కువ మందికి తెలుసు. సర్రా అనే జబ్బును కలిగించే పరాన్నజీవిని గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో ఈ ఉపఖండంలోనే గుర్రాలు, ఒంటెల రక్తంలో కనుగొన్నాడు. దాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు మోసేది జోరీగ. గేదెలు, ఆవులు దాన్ని ఒంట్లో పెట్టుకుని కూడా పైకి బాగానే కనిపించవచ్చు. గుర్రానికి సోకితే జ్వరం, రక్తహీనత, నీరసం వచ్చి, వైద్యం అందకపోతే చావే. అంటే గేదెల పాకకు ఆనుకుని గుర్రపుశాల కట్టడం ఎంత ప్రమాదమో ఊహించుకోండి. పక్కింటి గేదె ఆరోగ్యంగా ఉందని చూసి యజమాని నిశ్చింతగా ఉంటాడు. పల్లె పశువైద్యుడికి జబ్బు పేరు తెలియకపోవడం ఉండదు. కానీ అతని చేతిలోకి గుర్రం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది?

ఆ ప్రశ్నకు జవాబు లెక్కల్లోనే ఉంది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టువలు కలిపి దాదాపు 3.4 లక్షలు. 2012 లెక్కతో పోలిస్తే 45.6 శాతం తగ్గాయి. గుర్రాలు తగ్గినప్పుడు వాటి చుట్టూ బతికే పనులూ తగ్గుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గుర్రం డెక్కలు చెక్కాలి, అవసరమైతే లాడం వేయాలి. ఎద్దులకు లాడాలు వేసే మనిషి కనిపించినంత మాత్రాన అతను గుర్రం డెక్క చెక్కగలడని కాదు. తమిళనాడులో అంతియూరు గురునాథస్వామి జాతరకు ఇప్పటికీ గుర్రాలు సంతకొస్తాయి కనుక ఆ వైపు ఇలాంటి పనివాళ్ళు తారసపడవచ్చు. సత్యవేడు పక్క పల్లెలో వారిని వెతుక్కోవాలి. చూలై వాసికి ఈ కొరత అర్థం కావడం కష్టం. ఆ వీధులకు ఆనుకునే ఉన్న వేపేరిలో 1903లో డాబిన్ హాల్ అనే చిన్న భవనంలో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రి ఉంది. ఇంటికి దగ్గరలో ఉన్న వైద్యం అన్నిచోట్లా ఉంటుందనుకోవడం సహజం. అర్ధరాత్రి కడుపు శూలతో పొర్లుతున్న గుర్రం నగరం దాకా లారీ ప్రయాణానికి ఆగదు.

వైద్యుడు లేని లోటును డబ్బుతో పూడ్చవచ్చు, ఒంటరితనాన్ని పూడ్చలేం. గుర్రం మంద జంతువు. ఒక్కటే గుర్రాన్ని కొత్త ఊళ్ళో కట్టేస్తే అది తిండి మానేస్తుంది, తలుపు కొరుకుతుంది, నిలబడ్డచోటే ఊగుతుంది. కనీసం రెండు ఉండాలి. ఇది ఖర్చును రెట్టింపు చేసే మాటే. అందుకే ఇది కూడా ముందే తెలియాలి.

నా వాదన మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఇది. ఇప్పటికే పల్లెకు పోవాలనుకునేవారి మీద కాగితాల భారం ఉంది, ఇంకో అనుమతి అంటే చెక్‌పోస్టులో ఇంకో చేయి తడపడమే కదా అని అడుగుతారు. ఈ భయం నిజమైనదే. అందుకే నేను కొత్త అనుమతి అడగడం లేదు. 1978 పశు రవాణా నియమాల ప్రకారం గుర్రం ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం ఇప్పుడే తప్పనిసరి. అంటువ్యాధి ప్రబలిన ప్రాంతాల నుంచి పశువుల కదలికను ఆపే అధికారం పశువుల అంటువ్యాధుల నియంత్రణకు చేసిన 2009 చట్టం ఇప్పటికే ఇచ్చింది. ఆ ధ్రువపత్రంలోనే దిగే ఊరి పశువైద్యాధికారి సంతకం కూడా ఉండాలన్నది నా కోరిక. శాల, నీరు, మేత చూశాను, గుర్రం వచ్చాక ఇన్ని రోజులు విడిగా ఉంచుతారు అని ఆయన రాయాలి. దారిలో ఎవరూ అడగనక్కరలేదు, బయలుదేరే ముందే అది పూర్తవుతుంది. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది. దానికి టీకా లేదు, సోకిన గుర్రాన్ని చంపక తప్పదు. అలాంటి జబ్బు ఉన్నప్పుడు దిగే ఊరి ప్రజలకు కూడా ఆ సంతకం మీద హక్కు ఉంది.

ఉన్న ఆవులకే వైద్యులు చాలరు, కాస్త కలిగినవారి గుర్రాల కోసం ప్రజల డబ్బు ఎందుకు అన్నది మరో మాట. పేద రైతు తరఫున అడిగే ఈ మాటను తేలిగ్గా కొట్టేయను. గుర్రం తెచ్చేవారి దగ్గర ఆ తనిఖీ రుసుము వసూలు చేయండి, అభ్యంతరం లేదు. కానీ గుర్రం నుంచి జబ్బు వ్యాపిస్తే మొదట నష్టపోయేది పక్కింటి బండి గాడిద యజమాని, ఇటుక బట్టీ కూలీ, జాతర్లకు గుర్రాన్ని తిప్పి బతికే మనిషి. ఆ తనిఖీ వారి కోసం కూడా. ఇక పందేల నుంచి తప్పుకున్న గుర్రాలను ఎలాగైనా పల్లెకు చేర్చడమే దయ, షరతులు పెడితే వాటిని కబేళాకు తోస్తారు అనేవారున్నారు. ఆ దయ నిజమైనదే, వారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది. అయితే దిగిన ఊళ్ళో నెల తిరగకుండా చచ్చిపోయే గుర్రానికి ఆ తరలింపు ఏ మేలు చేసింది? పందేల గుర్రం ఏళ్ళ తరబడి లెక్క ప్రకారం తిండి తిన్నది, వేళకు వైద్యుణ్ణి చూసింది. పల్లె బతుకుకు అది అందరికంటే తక్కువ సిద్ధంగా ఉంటుంది. దాని మీద డబ్బు గడించిన క్లబ్బులు, యజమానులు అది బతికినంతకాలం మేతకయ్యే సొమ్ములో కొంత ముందే జమ చేయాలన్న షరతు న్యాయమే.

గుడ్డి గుర్రమైనా దాణా తప్పదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ దాణా ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్ళు పెడతారో తేలాకే లారీ కదలాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, చెన్నైలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న ఈ రెండూ కలిసి డెక్కలు చెక్కడం, లాడం వేయడం నేర్పే కొద్ది నెలల కోర్సు పెట్టవచ్చు. పల్లెల్లో పని వెతుక్కునే యువకులకు అది బతుకుదెరువవుతుంది. సరిహద్దు మండలాల పశువైద్యాధికారులకు ఏడాదికొకసారి గుర్రాల వైద్యంలో తర్ఫీదు ఇవ్వవచ్చు. అలాంటి మనిషి ఒకడు సత్యవేడులోనో నాగలాపురంలోనో దొరికేదాకా, చూలైలో బయలుదేరాలనుకుంటున్న కుటుంబం ఇంకో ఏడాది ఆగి ముందు గరిక నాటుకోవడం మంచిది.