గొంతుకూర్చున్న బాల్యం



పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టమని చెప్పే వీడియోలు రోజూ ఫోన్లో వస్తున్నాయి. మంచి మాటే. అయితే ఎక్కడ, దేని మీద, ఎవరి ముందు కూర్చోవాలన్నది ఈ దేశంలో కులం తేల్చింది.

మా నాయిన దొర ఇంటి ముందు అరుగెక్కకుండా నేల మీద గొంతుకూర్చునేవాడు. నన్నూ పక్కనే అట్లనే కూర్చోబెట్టేవాడు. సాతారా బడిలో చిన్న భీమ్‌రావు విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడు. దాన్ని బడి నౌకరు ముట్టడు. అందుకే సాయంత్రం ఇంటికి మోసుకెళ్లి, పొద్దున మళ్లీ తెచ్చుకునేవాడు.

ఒక మాట చెప్పుకోవాలె. గొంతుకూర్చోవడం, సక్లముక్లం వేసుకోవడం చెడ్డవి కావు. తుంటి, మోకాలు, చీలమండ బాగా వంగడానికి అవి పనికొస్తాయి. గంటల తరబడి కదలకుండా ఒకే తీరున ఉంచడమే చేటు. నేల మీది నోటుబుక్కు మీదకు వంగి రాసే పిల్లకు మెడ, నడుము లాగుతాయి. ఎదిగే ఒంటికి కూర్చోవడం, లేవడం, ఉరకడం అన్నీ కావాలి.

ఇప్పుడు గద్వాల సీడ్ పత్తి చేన్లకు రండి. క్రాసింగ్ కాలంలో సాయంత్రం మొగ్గలోని కేసరాలు గిల్లి, మర్నాడు పొద్దున మగపువ్వుతో రుద్దాలి. ప్రతి పువ్వుకూ చేతిపనే. 'పిల్లల ఎత్తు చెట్టుకు సరిపోతుంది, వేళ్లు సన్నగా ఉంటాయి' అన్న వాదన ఏళ్లుగా వింటున్నాం. అంటే బిడ్డ ఒంటిని పనిముట్టులా కొలుస్తున్నారు. ఆ బిడ్డలు చాలావరకు దళిత, వెనుకబడిన కులాల వాళ్లే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టడం నిషేధించారు. బడి అయ్యాక ఇంటి పనిలో, కుటుంబ వృత్తిలో సాయం చేయొచ్చని సందు మాత్రం వదిలారు. సీడు వేసిన చిన్న రైతు ఇంట్లో ఆ సందులోంచే బిడ్డ చేనుకు పోతుంది.

తల్లిదండ్రులను తిట్టడం తేలిక. విత్తనానికి ఇచ్చే ధరలో పెద్దల కూలి గిట్టకపోతే ఆ లోటు పిల్లల నడుము మీద పడుతుంది. అడగాల్సింది ఆ ధర కట్టేవాళ్లను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విద్యార్థి మిత్రులారా, ఈ ఆదివారం మీ దగ్గరి హాస్టల్‌కు పోండి. పిల్లలు దేని మీద కూర్చుంటున్నారు, దేని మీద పెట్టి రాస్తున్నారు, ఎంతసేపటికి లేస్తున్నారు, రాసుకోండి. బల్లలు లేకపోతే అడగండి. అవి వచ్చేదాకా రాసుకోను వాలు పీటలైనా ఇమ్మనండి, అర్ధగంటకోసారి పిల్లల్ని లేపమనండి. క్రాసింగ్ నెలల్లో ఏ పిల్లలు బడికి రావట్లేదో హాజరు పట్టీ చూడండి.

నిటారుగా కూర్చో అని బిడ్డకు చెప్పే ముందు కూర్చోను చోటు అడిగి తెద్దాం.

జై భీమ్.