యాప్‌లో పచ్చ.. ఆకు మీద మచ్చ

చలికాలం వస్తే చాలు, ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఏక్యూఐ స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. ఢిల్లీ వాడు 400 పెడితే, హైదరాబాద్ వాడు 110 పెట్టి 'మేమే నయం' అని ఓ నవ్వు ఎమోజీ తగిలిస్తాడు. నంబర్ ఎర్రగా ఉంటే మాస్కు, పచ్చగా ఉంటే మార్నింగ్ వాక్. మన లెక్క అక్కడితో క్లోజ్.

కానీ ఆ గాలి పీల్చేది మనం ఒక్కళ్లమే కాదు. సిటీ దాటగానే కనిపించే పత్తి చేను, వేరుశనగ చేను కూడా అదే గాలి పీలుస్తున్నాయి. వాటికి మాస్కుల్లేవు. లోపలికెళ్లి కిటికీలు మూసుకునే వీలూ లేదు. పైగా యాప్ 'సంతృప్తికరం' అని లేత పచ్చ రంగు చూపించే రోజున కూడా వాటికి నష్టం జరుగుతూ ఉండొచ్చు. అదెలాగో ఈ వారం చూద్దాం.

వంట ఇక్కడ, మంట అక్కడ

గాలి కాలుష్యం వల్ల పంటకు ఏమవుతుందంటే మనకు ముందు గుర్తొచ్చేది దుమ్ము. నిజమే, క్రషర్ల పక్కన చేలల్లో ఆకుల మీద పేరుకునే తెల్లటి పొర వెలుతురును అడ్డుకుంటుంది. కానీ పైర్లను అంతకంటే ఎక్కువ దెబ్బతీసేది కంటికి కనిపించని ఒక వాయువు. పేరు ఓజోన్.

'అదేంటి, ఓజోన్ మంచిది కదా?' అని డౌటు రావాలి. పైన, స్ట్రాటోస్ఫియర్‌లో ఉన్నంతసేపూ అది మనకు గొడుగు. అదే వాయువు నేల దగ్గర తయారైతే మన ఊపిరితిత్తులకూ విషమే, ఆకుకూ విషమే.

ఇది ఏ సైలెన్సర్ నుంచీ నేరుగా బయటికి రాదు. గాలిలో వండాల్సిందే. బండ్లు, డీజిల్ జనరేటర్లు, బొగ్గు కరెంటు ప్లాంట్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు ఒక దినుసు. పెట్రోల్ ఆవిరి, పెయింట్లు, చెత్త కాల్చిన పొగలో ఉండే కర్బన వాయువులు రెండోది. పొయ్యి సూర్యుడు. అందుకే ఓజోన్ పొద్దున ట్రాఫిక్ జామ్‌లో కాకుండా ఎండ ముదిరాక, మధ్యాహ్నం పూట ఎక్కువగా ఉంటుంది.

అసలు ట్విస్టు ఇక్కడుంది. నడి సిటీలో బండ్ల నుంచి అప్పుడే బయటికొచ్చిన నైట్రిక్ ఆక్సైడ్, ఓజోన్‌ను తినేస్తుంది. ఆ గాలి సిటీ దాటి, ఎండలో కొన్ని గంటలు ప్రయాణం చేశాక వంట పూర్తవుతుంది. అందుకే మెయిన్ జంక్షన్‌లో కంటే గాలివాటున ఉన్న ఊళ్లలో ఓజోన్ ఎక్కువ ఉండటం మామూలే. దినుసులు మనం పంపిస్తాం, వడ్డన వాళ్ల చేలో జరుగుతుంది.

మీటర్ కంటే ముందు ఆకు చెప్పింది

ఈ సంగతి మొదట బయటపెట్టినవి మొక్కలే. 1940లలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఆకుకూరల మీద వింత మచ్చలు వచ్చాయి. తెగులు కాదు, పురుగు కాదు. అప్పటిదాకా అనాసపండు వాసన మీద పరిశోధన చేసుకుంటున్న అరీ హాగెన్‌స్మిట్ అనే కెమిస్ట్ ఈ పనికి దిగాడు. కారు పొగలోని వాయువులు ఎండలో కలిసి ఓజోన్ అవుతున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. నగరం మీద కమ్మిన పొగమంచు గుట్టు అలా రట్టయింది.

ఆకు లోపల ఏం జరుగుతుందంటే.. ఆకు మీద పత్రరంధ్రాలు ఉంటాయి, స్కూల్లో చదివిందే. కార్బన్ డయాక్సైడ్ కోసం మొక్క ఆ తలుపులు తెరిస్తే ఓజోన్ కూడా దూరిపోతుంది. లోపల కణాలను దెబ్బతీస్తుంది. మొక్క భయపడి తలుపులు సగం మూస్తుంది. అప్పుడు తిండి తయారీ తగ్గుతుంది. తయారైన దాంట్లో కొంత రిపేర్లకు ఖర్చయిపోతుంది. ఆకు ముందే ముసలిదవుతుంది. చివరికి గింజకు, కాయకు వెళ్లాల్సింది తగ్గుతుంది.

చాలాసార్లు మచ్చ కూడా కనిపించదు, దిగుబడి మాత్రం తగ్గుతుంది. మచ్చ కనిపించినా దాన్ని పోషక లోపమనో, పురుగు దెబ్బ అనో అనుకునే అవకాశం ఎక్కువ. రైతు ఆకు తెంపుకొని మందుల షాపుకెళ్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒక డబ్బా చేతికొస్తుంది. గాలిలో ఉన్న సమస్యకు డబ్బాలో మందు ఉండదు కదా.

మ్యాక్స్ మనది, మొత్తం మొక్కది

ఇప్పుడు కాస్త కోడింగ్ భాషలో చెప్తాను. మన దేశంలో ఏక్యూఐ ఎనిమిది కాలుష్యాలను చూస్తుంది. ఒక్కోదానికి ఒక్కో స్కోరు ఇస్తుంది. అన్నిట్లో ఏది ఎక్కువుంటే అదే మనకు చూపించే నంబర్. అంటే ఇది మ్యాక్స్ ఫంక్షన్. మన సిటీల్లో చాలా రోజులు పీఎం 2.5 గానీ పీఎం 10 గానీ ఆ స్థానంలో ఉంటాయి. ఓజోన్ వాటి వెనక దాక్కుంటుంది. రేపు ఉదయం కొత్త నంబర్, కొత్త రోజు.

మొక్క అలా లెక్కపెట్టదు. దానిది రన్నింగ్ టోటల్. యూరప్ శాస్త్రవేత్తలు దీనికోసం ఏఓటీ 40 అనే కొలత పెట్టుకున్నారు. పగటిపూట ఏ గంటలోనైనా ఓజోన్ 40 పీపీబీ దాటితే, దాటినంత మేరకు కౌంటర్‌లో కలుపుతారు. పీపీబీ అంటే 100 కోట్ల భాగాల గాలిలో ఒక భాగం. గంటలో 55 ఉంటే 15 కలుస్తుంది. రాత్రికి రీసెట్ ఉండదు. మూడు నెలల్లో ఈ కౌంటర్ 3,000కి చేరితే గోధుమ దిగుబడి సుమారు 5 శాతం తగ్గుతుందని అక్కడి రకాల మీద లెక్క కట్టారు.

3,000 అంటే పెద్ద నంబర్‌లా ఉంది కదా? భాగించి చూడండి. రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులకు 720 గంటలు. గంటకు 4 పైచిలుకు చాలు. అంటే రోజూ ఆ 8 గంటలూ గాలిలో ఓజోన్ 44 పీపీబీ ఉంటే సరిపోతుంది. మన యాప్ కొలతలో అది ఘనపు మీటరుకు సుమారు 88 మైక్రోగ్రాములు. ఏక్యూఐ పట్టికలో ఓజోన్ 51 నుంచి 100 వరకు 'సంతృప్తికరం'. రంగు లేత పచ్చ!

యాప్ అబద్ధం చెప్పడం లేదు. అది మనిషి ఆరోగ్యం కోసం రాసిన కొలబద్ద. మొక్క కోసం ఎవరూ యాప్ రాయలేదు, అంతే.

ఎంత పోతోంది?

పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన సచిన్ ఘుడే బృందం ఇలాంటి కౌంటర్‌తోనే 2005వ సంవత్సరానికి లెక్కకట్టి 2014లో ప్రచురించింది. ఓజోన్ వల్ల ఆ ఒక్క ఏడాదిలో మనం పోగొట్టుకున్న గోధుమ సుమారు 35 లక్షల టన్నులు, వరి సుమారు 21 లక్షల టన్నులు. మోడల్ లెక్క కాబట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కానీ ఆ తిండి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న దాదాపు 9.4 కోట్ల మందికి సరిపోయేది.

వాణిజ్య పంటల్లో ఎక్కువ దెబ్బతిన్నది పత్తి, సుమారు 5 శాతం. తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని లక్షల ఎకరాల్లో పత్తి ఉంటుందో చెప్పక్కర్లేదు. వానాకాలంలో మబ్బులు, వానల వల్ల ఓజోన్ తక్కువే ఉంటుంది. ఆకాశం తేటపడి ఎండ కాసే అక్టోబర్, నవంబర్‌లలో పెరగడం మొదలవుతుంది. పత్తి కాయ పగిలేదీ అప్పుడే. ఎకరానికి 10 క్వింటాళ్లు రావాల్సిన చేలో 5 శాతం అంటే అర క్వింటా. అయిదెకరాల రైతుకు రెండున్నర క్వింటాళ్లు.

'ఇది మోడల్, నిజంగా చూశారా?' అంటే చూశారు. దీని ఏ/బీ టెస్టింగ్ చాలా సింపుల్. పైకప్పు లేని రెండు గదుల్లో ఒకే పైరు వేస్తారు. ఒకదాంట్లోకి బొగ్గు ఫిల్టర్‌లో వడగట్టిన గాలి, రెండోదాంట్లోకి మామూలు గాలి. వారణాసిలోని బనారస్ హిందూ యూనివర్సిటీలో మధూలికా అగర్వాల్ బృందం ఏళ్ల తరబడి ఇలాంటి ప్రయోగాలు చేసింది. అదే విత్తనం, అదే నీళ్లు, అదే ఎరువు. వడగట్టిన గాలిలో గోధుమ ఎక్కువ పండింది.

బేస్‌లైన్‌లోనే బగ్

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం ఇది. వడగళ్లు పడితే అధికారులు వచ్చి చూస్తారు, నష్టం రాసుకుంటారు. ఓజోన్ నష్టానికి ఫొటో ఉండదు. దిగుబడి ఆధారిత పంటల బీమాలో 'మామూలుగా ఎంత పండాలి' అనేది గత ఏళ్ల దిగుబడి సగటు నుంచి వస్తుంది. ఆ ఏళ్లలో కూడా ఓజోన్ తినేసింది కదా! అంటే తగ్గిన దిగుబడే 'మామూలు' అని రికార్డయింది. బేస్‌లైన్‌లోనే బగ్ ఉంటే ఏ టెస్టూ దాన్ని పట్టుకోలేదు. రైతుకు మిగిలేది 'ఎక్కడో నేనే సరిగా చూసుకోలేదేమో' అన్న అనుమానం.

పొలంలో వ్యర్థాలు కాల్చిన పొగ సిటీకి వస్తే టీవీల్లో గంటల కొద్దీ డిబేట్లు. ఆ పొగ తప్పే, ఓజోన్‌కు అదీ ఒక దినుసే. కానీ సిటీ నుంచి చేలోకి వెళ్లే ఓజోన్ మీద డిబేట్ పెట్టిన చానెల్ మాత్రం నాకింకా కనిపించలేదు.

పరిష్కారం లేదా అంటే ఉంది, కాకపోతే సింగిల్ స్విచ్ కాదు. 2020 లాక్‌డౌన్‌లో బండ్లు ఆగి నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గింది. అయినా చాలా నగరాల్లో ఓజోన్ ఆ మేరకు తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగింది. రెండు దినుసులూ కలిపి తగ్గించాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు ఒక అడుగు. బొగ్గు ప్లాంట్లకు 2015లో పెట్టిన ఉద్గార నిబంధనలను గడువులు పొడిగించకుండా అమలు చేయడం ఇంకో అడుగు. చెత్త కాల్చడం ఆపడం మన కాలనీ చేతిలోనే ఉంది. ఇక గాలి కొలిచే స్టేషన్లు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి. పొలాల మధ్య కొన్ని పెడితే కనీసం రైతుకు ఒక రుజువైనా దొరుకుతుంది.

ఈసారి ఏక్యూఐ చూసినప్పుడు పెద్ద నంబర్ దగ్గర ఆగకండి. కిందికి స్క్రోల్ చేసి ఓజోన్ లైన్ చూడండి, అదీ మధ్యాహ్నం మూడింటికి. 80 దాటి ఉంటే, మీరున్న సిటీ నుంచి గాలి ఎటు వీస్తోందో కూడా చూడండి. అటువైపు ఎవరి చేను ఉందో మీకు తెలిసే ఉంటుంది.