ముగించడమైనది

"సమాచార అధికారి జవాబు ఇచ్చినందున అప్పీలు ముగించడమైనది." ఒక జిల్లా కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద మొదటి అప్పీలు అధికారిగా పనిచేసినన్నాళ్లూ నా ఉత్తర్వులన్నీ దాదాపు ఈ వాక్యంతోనే ముగిశాయి. జవాబు వేరు, సమాచారం వేరు. ఆ తేడా తెలిసే సంతకం పెట్టాను. పైగా ఆ వాక్యం నాది కూడా కాదు. సమాచారం ఇవ్వని సెక్షన్‌లోనే నా ఉత్తర్వూ టైపై వచ్చేది. నాతోటి అధికారుల్లో ఎక్కువమందిమి ఇలాగే నెట్టుకొచ్చాం.

ఒక రైతు తన పొలం పాత పహాణీ నకలు అడిగాడు. "రికార్డు అందుబాటులో లేదు" అన్నారు. అప్పీలుకు వచ్చిన రోజు ప్లాస్టిక్ కవర్లోంచి ఆ జవాబు కాగితం తీసి, బల్లమీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేశాడు. "లేదంటే ఎటు పోయినట్టు సారూ?" అన్నాడు.

అది పక్కనే కూర్చున్న సమాచార అధికారిని నేను అడగాల్సిన మాట. ఇవ్వకపోవడం సబబేనని రుజువు చేసుకోవాల్సింది ఆ అధికారేనని చట్టంలోని సెక్షన్ 19(5) చెబుతోంది. నేను రైతునే అడిగాను: "ఇప్పుడిదంతా ఎందుకు పెద్దయ్యా నీకు?" దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదని 6(2)లో ఉంది. అదీ నాకు తెలుసు. రికార్డు రూము అదే వరండా చివర ఉంది. తాళం తీయించలేదు. రోజూ కలిసి టీ తాగే మనిషిని నొప్పించలేకపోయాను.

2005లో చట్టం మమ్మల్ని నమ్మింది. కింది అధికారి తప్పును పై అధికారి 30 రోజుల్లో, కారణం రాసిపెడితే 45 రోజుల్లో సరిదిద్దుతాడనుకుంది. మేం మొదటి అప్పీలును రెండో తిరస్కారం చేశాం. "90 రోజుల్లో కమిషన్‌కు వెళ్లవచ్చు" అని రాసి చేతులు దులుపుకున్నాం. కమిషన్ ఇన్నాళ్లలో తేల్చాలన్న గడువు చట్టంలో లేదు. తెలంగాణలోనైతే 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, కమిషనర్లే లేరు. ఖాళీ కుర్చీల దగ్గరికి పంపుతున్నామని తెలిసీ పంపాం. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా పడే జరిమానా కూడా సమాచార అధికారికే. మొదటి అప్పీలు అధికారికి జరిమానా లేదు. ఆ ధీమా మా అందరిలో ఉంది.

ఆ రైతు మెట్లెక్కకముందే ఉత్తర్వు టైపై నా ఫైల్లో ఉంది. కాపీ ఇప్పించాను. చదవకుండానే మడిచి అదే కవర్లో పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టి వెళ్లాడు.