ఎండ్రకాయల పులుసు, డచ్చి కోట

మొన్న ఆదివారం శ్రీసిటీ మిత్రులతో పులికాట్ ఊరెళ్లాం. తడ దాటితే తమిళనాడే, సరస్సుకు మాత్రం ఆ హద్దు పట్టదు. డచ్చివారు 1613లో కట్టిన గెల్‌డ్రియా కోట ఇప్పుడు ముళ్లపొదల పాలు. ఈ తీరపు అద్దకం బట్టలిచ్చి తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొన్నవాళ్లు వాళ్లు. వాళ్ల శ్మశానం గుమ్మానికి అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు కాపలా! చూశాక ఆకలి చస్తుందనుకున్నాం. ఎక్కడ? రేవు పక్కన ఎండ్రకాయల పులుసు వడ్డించగానే మాటలాగిపోయాయి. గిట్టలు పళ్లతో పటుక్కున కొరికి, లోపలి తెల్లటి కండను చూపుడువేలితో లాక్కుని, పులుసన్నంలో కలిపి తినాలి. చెంచాలడిగినవాణ్ని ఇంకా ఏడిపిస్తున్నాం. ఈ తీరం మీదే ఈ సంచిక. మద్రాసు కంటే ముందే ఇంగ్లీషువాళ్లు దిగిన దుగరాజపట్నం కథతో మొదలుపెట్టండి.